పల్లేరు కాయలు లేని నేల

నాగావళి ఒడ్డున ఉన్న మా ఊరి బడికి మైదానం లేదని ఎవరూ అనలేరు. ఊరి పెద్దలెవరో ఏనాడో ఇచ్చిన ఆ స్థలం చాలా విశాలమైనది. అయితే బడి వదిలిన తర్వాత అది పిల్లలది కాదు. సాయంత్రం పశువులు అక్కడే మేసేవి, వరి కోతలు ముగిశాక సగం మైదానం కళ్ళంగా మారేది, వానాకాలంలో గేదెల గిట్టలు దిగబడిన గుంటలు ఎండలు ముదిరేసరికి గట్టిపడి పరుగెత్తే పిల్లల మడమలను మెలితిప్పేవి. వీటన్నిటినీ మించినవి పల్లేరు కాయలు. చెప్పులు వేసుకుని బడికి వచ్చేవాళ్ళు తరగతికి ఇద్దరో ముగ్గురో ఉన్న ఆ రోజుల్లో, పల్లేరు తీగ పాకిన నేల మీద పరుగెత్తడమంటే ప్రతి అడుగూ చూసుకుని వేయడమే. డ్రిల్లు పీరియడు రాగానే మగపిల్లలు ఎలాగో ఒక మూల చదును చేసుకుని చెడుగుడు ఆడేవారు. ఆడపిల్లలం చింతచెట్టు నీడన చేరి, గంట కొట్టేదాకా కబుర్లు చెప్పుకుంటూ కూర్చునేవాళ్ళం.

ఆడపిల్లలకు ఆటల మీద ధ్యాస ఉండదని మాస్టార్లు అనేవారు, మా అమ్మలూ అదే నమ్మేవారు. నా ఒళ్ళు ఆటకు పనికివచ్చే ఒళ్ళు కాదని నేనూ అనుకున్నాను. అందుకు ఎదురు చెప్పే అనుభవం నాకు అప్పటికి ఒక్కటీ లేదు.

ఎనిమిదో తరగతికి నన్ను శ్రీకాకుళంలో మా పిన్ని ఇంట్లో ఉంచి అక్కడి ఆడపిల్లల బడిలో చేర్చారు. ఆ బడి మైదానం మా ఊరి మైదానంలో నాలుగో వంతు కూడా ఉండదు. చుట్టూ ఇళ్ళు, ఒక పక్క ప్రహరీ, మరో పక్క తరగతి గదులు. కానీ అడుగు పెట్టగానే తేడా పాదాలకు తెలిసింది. నేల సమంగా ఉంది, మెత్తగా ఉంది, ఎక్కడా ఒక్క గులకరాయి తగలలేదు. దాన్ని చూసుకునే పెద్దాయన బడిలో అటెండరు. అందరం ఆయన్ని తాత అనే పిలిచేవాళ్ళం. ఏటా వానలు వెనకబట్టాక ఖోఖో ఆడే మేర మట్టిని పారతో పైపైన తవ్వి, రాళ్ళు ఏరించి, జల్లెడ పట్టిన ఎర్రమట్టిని పరిచి, సాయంత్రం నీళ్ళు చల్లి, మర్నాడు తెల్లవారుజామున రాతి రోలరు లాగించేవాడు. ఆ తర్వాత సున్నంతో గీతలు. వారానికోసారి మళ్ళీ నీళ్ళు, మళ్ళీ రోలరు. మేము తొందరపడి దిగబోతే, "తల్లీ, నేలింకా ఆరనేదు. ఇప్పుడు తొక్కితే రేపంతా గుంటలే. కాసేపు ఆగండి" అని చెయ్యి అడ్డు పెట్టేవాడు. మా డ్రిల్లు టీచరుగారు ఈ విషయంలో ఆయన మాట దాటి ఎరుగరు.

ఖోఖో తెలిసినవారికి నేల విలువ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ఎనిమిది మంది ఒకరికొకరు ఎదురుదిశల్లో ముఖం పెట్టి వరుసగా కూర్చుంటారు, తొమ్మిదో మనిషి తరుముతుంది. ఒకసారి ఒక దిక్కుకు కదిలిన తర్వాత ఆ తరిమే అమ్మాయి చివరి స్తంభం దాకా వెళ్ళకుండా వెనక్కి తిరగకూడదు, కూర్చున్నవారి మధ్య నుంచి దూరకూడదు. కాబట్టి పట్టుబడేదీ తప్పించుకునేదీ చాలాసార్లు ఒక్క చేతి దూరంలో తేలిపోతుంది, ఆ చేతి దూరాన్ని దాటాలంటే ఒళ్ళు నేల మీదకు విసరాలి. డైవ్ చేయాలి. మా ఊళ్ళో ఆ పని చేసిన పిల్ల మోచేయీ మోకాలూ చీరుకుపోయి ఇంటికి వెళ్ళి తల్లి చేత తిట్లు తిని ఉండేది. ఇక్కడ జల్లించిన మట్టి మీద నేను మొదటిసారి డైవ్ చేసినప్పుడు జారుకుంటూ వెళ్ళి, దొరక్కుండా పోతున్న అమ్మాయి మడమను వేలి కొసలతో తాకాను. లేచి చూసుకుంటే పావడా నిండా ఎర్రమట్టి, ఒంటి మీద గీత కూడా పడలేదు. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఎటువంటిదో ఇప్పటికీ బాగా గుర్తుంది. అది గెలిచినందుకు కలిగింది కాదు, ఎందుకంటే ఆ రోజు మా పక్షం ఓడిపోయింది. నా ఒంటిని నేను భయం లేకుండా పూర్తిగా వాడుకున్నానన్న సంతోషం అది.

తర్వాతి సంవత్సరాలలో దీని గురించి చాలా ఆలోచించాను. రాళ్ళూ ముళ్ళూ ఉన్న నేల మీద ఆడేవారి చూపు కిందనే ఉంటుంది. మనసులో సగం పాదాలకు కాపలా కాస్తుంది, మిగిలిన సగంతో ఆడాలి. పరుగు పొట్టిదవుతుంది, మలుపు మెల్లగా తిరుగుతారు, పడిపోయే ప్రమాదం ఉన్న ప్రతి చోటా వెనక్కి తగ్గుతారు. నేల మీద నమ్మకం కుదిరిన రోజున చూపు పైకి లేచి ఎదుటి మనిషి భుజం ఎటు వాలుతోందో గమనిస్తుంది, అప్పుడు గానీ ఆట ఆట కాదు. ఆసక్తి ముందు పుట్టి మనిషి మైదానానికి వెళుతుందని సాధారణంగా అంటారు. నా విషయంలో మంచి నేల ముందు దొరికింది, ఆసక్తి ఆ తర్వాత పుట్టింది. నాతో చదివిన చాలామంది అమ్మాయిల విషయంలోనూ అంతే.

నేల ఒక్కటే కాదు. ఆ బడిలో మైదానం పక్కన లోపలి నుంచి గడియ పడే ఒక చిన్న గది ఉండేది, దాని వెనక నీళ్ళ తొట్టితో సహా మరుగుదొడ్డి ఉండేది. పదమూడు పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు ఆ గది ఎంత పెద్ద విషయమో మైదానాల నమూనాలు గీసేవారికి బహుశా ఎవరూ చెప్పి ఉండరు. పావడా జాకెట్టు విప్పి ఆట బట్టలు వేసుకోవడానికి చోటు కావాలి, ఆట అయ్యాక మట్టి కడుక్కుని మళ్ళీ వీధిలో నడిచి ఇంటికి వెళ్ళేలా తయారవడానికి చోటు కావాలి, బహిష్టు రోజుల్లో గుడ్డ మార్చుకోవడానికి చోటు కావాలి. మా ఊరి బడిలో మరుగుదొడ్డి లేనందువల్ల పెద్ద తరగతుల అమ్మాయిలు పొద్దుటి నుంచీ నీళ్ళు తాగేవారు కాదు. దాహంతో ఉన్న ఒంటిని మధ్యాహ్నపు ఎండలో పరుగెత్తమంటే కళ్ళు తిరగక ఏమవుతుంది? కళ్ళు తిరిగిన అమ్మాయిని చూసి బలహీనురాలు అనేవారు. శ్రీకాకుళంలో మేమంతా కుండలోంచి గ్లాసుల కొద్దీ నీళ్ళు తాగి, సాయంత్రం చీకటి పడేదాకా ఆడేవాళ్ళం. బలహీనులని పేరుపడిన వాళ్ళెవరూ అక్కడ నాకు కనబడలేదు.

2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట ఆడబిడ్డ కరణం మల్లేశ్వరి 69 కిలోల విభాగంలో ఒకే ఊపులో తలపైకి ఎత్తే స్నాచ్‌లో 110, రెండు అంచెల్లో ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చినప్పుడు మా జిల్లా అంతా పండుగ చేసుకుంది. మహిళల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే ఆ ఏడాది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ మా పక్క ఊరి మనిషి కావడం మాకు ఎంత గర్వమో చెప్పలేను. అప్పటికి నేను పెళ్ళయి విజయనగరం వచ్చేశాను. ఆ వార్త వచ్చిన రోజు వీధిలో ఎవరు కనిపించినా మాది శ్రీకాకుళమని గుర్తుచేసి మరీ చెప్పాను.

కానీ ఆ పతకం తర్వాత ఒక మాట తరచూ వినపడసాగింది. చిన్న పల్లె నుంచి, ఏ హంగులూ లేని చోట మొదలుపెట్టి ఆ అమ్మాయి అంత సాధించింది కదా, పట్టుదల ఉంటే చాలు, సౌకర్యాలదేముంది అని. ఆ మాట అన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. కోటికొక్కరికి ఉండే పట్టుదలను కొలబద్దగా పెట్టి మిగిలిన పిల్లలందరినీ కొలవడం న్యాయం కాదు. ఛాంపియన్ ముళ్ళ మీద కూడా నడుస్తుంది. సాయంత్రం ఒక గంట హాయిగా ఒళ్ళు కదిలించి, చెమట పట్టించి, నవ్వుకుంటూ ఇంటికి వెళ్దామనుకునే మామూలు అమ్మాయి నడవదు, నడవనక్కరలేదు కూడా. మైదానాలు కట్టవలసింది ముందుగా ఆమె కోసం.

పైగా, బరువులెత్తే క్రీడలో సౌకర్యమంటే హంగు కాదు. సరైన బార్‌కు, అంటే బరువులెత్తే కడ్డీకి, రెండు చివర్లా బిళ్ళలు తగిలించే గొట్టాలు బేరింగుల మీద తిరుగుతాయి. ఎత్తేటప్పుడు మణికట్టు తిరిగినా బిళ్ళల బరువు దానితో పాటు తిరగకుండా విడిగా ఉంటుంది. తుప్పు పట్టి ఆ గొట్టం బిగుసుకుపోతే ఆ బరువంతా మణికట్టును, మోచేతిని మెలిపెడుతుంది. ఆడవాళ్ళ బార్ 15 కిలోలు, మగవాళ్ళది 20 కిలోలు, మందంలోనూ తేడా ఉంటుంది, ఎందుకంటే చిన్న చేతికి లావు కడ్డీ పట్టు చిక్కదు. నాలుగు మీటర్ల చదరపు వేదికా, రబ్బరు బిళ్ళలూ ఉంటే తలపైకి ఎత్తిన బరువును భయం లేకుండా వదిలేయవచ్చు. సిమెంటు గచ్చు మీద ఇనప బిళ్ళలతో సాధన చేసేవారు దాన్ని కిందకు మెల్లగా దించాలి, అప్పుడే నడుము పడుతుంది. విజయనగరం జిల్లాలో నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ ఈ క్రీడకు పేరుపడ్డ ఊరు. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం గెలిచిన మత్స సంతోషిది ఆ ఊరే. ఒక పల్లెలో ఒకరి తర్వాత ఒకరు లిఫ్టర్లు తయారవుతున్నారంటే అక్కడ బరువులు ఇంటికి దగ్గరలో ఉన్నాయని, నేర్పేవారు ఉన్నారని, వాటి దగ్గరికి ఆడపిల్ల వెళ్తే ఊరు వింతగా చూడదని అర్థం. ఆ మూడోది కూడా నా లెక్కలో సౌకర్యమే.

మన పెద్దలకు ఈ సంగతి తెలియక కాదు. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న వీరఘట్టంలో పుట్టిన పేరుమోసిన బలశాలి కోడి రామ్మూర్తి నాయుడుగారు వ్యాయామం నేర్చి, తర్వాత వ్యాయామోపాధ్యాయులుగా పనిచేసి, సర్కస్ కంపెనీ నడిపింది ఈ విజయనగరంలోనే. ఆ కాలపు తాలింఖానాల, అంటే వ్యాయామశాలల, గురించి మా మామగారు చెబుతుండగా విన్నాను. గోదా తవ్వి, మట్టిని మెత్తగా జల్లించి, అందులో నూనె, మజ్జిగ, పసుపు కలిపి మాగబెట్టేవారట. పడినప్పుడు ఒళ్ళు నొప్పి పుట్టకూడదు, గీరుకున్న చోట చీము పట్టకూడదు. అంత శ్రద్ధగా చేసిన మట్టిలోకి దిగే ముందు చెప్పులు విడిచి నేలకు మొక్కేవారు. తాటాకు పందిరి కింద నడిచే వ్యాయామశాలకు కూడా మన్నికైన నేల కావాలని వాళ్ళకు తెలుసు. డబ్బు లేకపోవడం వాళ్ళకు అడ్డు కాలేదు, ఎందుకంటే ఆ పని చేసేది డబ్బు కాదు, రోజూ చేతులు.

విజయనగరంలో నేను ఆట మళ్ళీ మొదలుపెట్టింది నలభై దాటాక. ఆఫీసులో పనిచేసే ఆడవాళ్ళం కొందరం కలిసి సాయంత్రాలు షటిల్ ఆడాలని అనుకున్నాం. మాకు దొరికిన హాలు పాతది. గచ్చు సిమెంటుది, గోడలు తెల్ల సున్నంవి, ట్యూబులైట్లు కోర్టు వెనక గోడకు బిగించి ఉన్నాయి, పైన గాలి కోసం జాలీలు వదిలారు. పదహారు ఈకల షటిల్ కాక్ బరువు ఐదు గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. జాలీలోంచి వచ్చే సముద్రపు గాలికి అది తన దారిన పోయేది. తెల్ల కాక్ తెల్ల గోడ మీద కలిసిపోయేది, తలెత్తి చూస్తే ట్యూబులైటు కళ్ళలో పడేది. కొట్టలేకపోయిన ప్రతిసారీ, వయసైపోయింది, ఇక మన వల్ల కాదు అని ఒకరితో ఒకరు అనుకునేవాళ్ళం. అన్నిటికన్నా కష్టం పెట్టింది నేల. దూకి దిగినప్పుడు సిమెంటు కొంచెం కూడా లొంగదు, ఆ దెబ్బంతా మోకాలికి, పిక్క ఎముకకు తిరిగి వస్తుంది. కొద్ది నెలల్లోనే సగం మంది మోకాళ్ళ నొప్పులని మానుకున్నారు, మిగిలినవాళ్ళం ఏదో ఒక సాకు చెప్పి వెళ్ళడం తగ్గించాం.

తర్వాత ఊళ్ళో మరో హాలు వచ్చింది. దూలాల మీద పరిచిన చెక్క నేల, దాని మీద ఆకుపచ్చ మ్యాటు. గోడలకు ముదురు రంగు, దీపాలు కోర్టు మీదుగా కాక పక్కల వెంబడి. కోర్టు కొలతల్లో ఏ తేడా లేదు, అదే 13.40 మీటర్ల పొడవు, 6.10 మీటర్ల వెడల్పు, మధ్యలో 1.524 మీటర్ల ఎత్తున అదే వల. కానీ మానేసిన వాళ్ళంతా ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. కాక్ కనబడుతోంది, అనుకున్న చోటికి వెళుతోంది, దిగినప్పుడు నేల కాస్త లొంగి ఒంటిని మోస్తోంది. మాలో అందరికన్నా పెద్దావిడ, పదవీ విరమణకు దగ్గరపడిన మనిషి, వరుసగా పాయింట్లు కొట్టి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టుకోవడం నేను కళ్ళారా చూశాను. ఏ వైద్యుడు చెప్పినా వినని ఆవిడ ఆ తర్వాత ఒక్క సాయంత్రం కూడా మానడానికి ఒప్పుకోలేదు. వ్యాయామం ఆరోగ్యానికి మంచిదని ప్రచారం చేసేవారు ఒక్కసారి ఆవిడ ముఖం చూసి ఉంటే, సందేశాలకన్నా ముందు దీపాలూ నేలా సరిచేయించేవారని నా నమ్మకం.

ఇంతకన్నా చిన్న విషయాలు కూడా మనుషుల్ని రప్పిస్తాయి, పంపిస్తాయి. నేను పొద్దున నడిచే మైదానం చుట్టూ నిద్రగన్నేరు చెట్లుండేవి. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను వాటిలో చాలావాటిని కూల్చేసింది. మైదానం కొలత అంగుళం తగ్గలేదు, నడక దారికి దెబ్బ తగలలేదు. అయినా మరుసటి వేసవిలో ఆరున్నర దాటితే అక్కడ మనిషి కనబడేవాడు కాదు. వంట ముగించి, పిల్లల్ని బడికి పంపి, ఆ తర్వాత కాస్త తీరికతో వచ్చే ఆడవాళ్ళు ముందుగా మాయమయ్యారు, ఎందుకంటే వాళ్ళకు దొరికే వేళ ఎండ వేళే. మళ్ళీ నాటిన మొక్కలు కాస్త నీడనిచ్చే దాకా వాళ్ళు తిరిగి రాలేదు. గేటు నుంచి మైదానం దాకా దీపాలు వెలగని చోట చీకటి పడే వేళ ఆడవాళ్ళ సంఖ్య ఎలా తగ్గిపోతుందో కూడా అలాగే చూశాను.

ఈ మధ్య పార్కుల్లో, మైదానాల అంచుల్లో రంగురంగుల వ్యాయామ యంత్రాలు పెడుతున్నారు. పెట్టిన కొత్తలో పెద్దలూ పిల్లలూ బారులు తీరతారు. బేరింగులకు గ్రీజు పెట్టేవారు లేక రెండు వానాకాలాలు గడిచేసరికి అవి కీచుమంటూ బిగుసుకుపోతాయి. ప్రారంభోత్సవానికి డబ్బు ఉంటుంది, రోజూ నీళ్ళు చల్లే మనిషి జీతానికి ఉండదు. నాకు దొరికిన సంతోషమంతా ఆ రెండో రకం ఖర్చు నుంచి వచ్చిందే. శ్రీకాకుళం బడిలో తాత జీతం, జల్లెడ, రోలరు, నీళ్ళ కుండ, గదికి గడియ, ఇంతకు మించి అక్కడ ఏమీ లేదు.

పోయిన దసరాకు మా ఊరి బడి పూర్వ విద్యార్థులం కలిశాం. చందాలు వేసుకుని బడి ముందు పెద్ద సిమెంటు ఆర్చి కట్టించి దాతల పేర్లు చెక్కించాలన్నది చాలామంది ఆలోచన. ఆ డబ్బుతో మైదానంలో ఒక మూలకు కంచె వేసి పశువులు రాకుండా చేద్దామని, పల్లేరు వేళ్ళతో సహా తీయించి ఎర్రమట్టి పోయిద్దామని, ఆడపిల్లలకు గడియ పడే గది ఒకటి కట్టిద్దామని, ఏటా మట్టి పనికీ రోలరు లాగేవారి కూలికీ కొంత విడిగా బ్యాంకులో వేద్దామని నేను అడిగాను. కాసేపు వాదన జరిగింది. మాతో చదువుకుని ఇప్పుడు అదే ఊళ్ళో వ్యవసాయం చేస్తున్న అన్నయ్య ఒకడు లేచి, "ఆర్చి కింద నుంచి పిల్లలు రోజుకు రెండుసార్లే ఎల్తారు. ఈ నేల మీద రోజంతా ఆడతారు" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ ఆర్చి మాట ఎత్తలేదు.

మట్టి తోలడానికి ట్రాక్టరు తనే ఇస్తానన్నాడు. ఇప్పుడున్న పీఈటీ మాస్టారు ఖోఖో స్తంభాలు టేకువి కావాలని, అంచులు నున్నగా చిత్రిక పట్టించాలని, లేకపోతే పట్టుకుని తిరిగేటప్పుడు పిల్లల అరచేతుల్లో పేళ్ళు గుచ్చుకుంటాయని చెప్పారు. గదికి పునాది సంక్రాంతి వెళ్ళగానే తీస్తున్నారు. మరుగుదొడ్డికి నీళ్ళ ట్యాంకు పైన పెట్టాలా, పక్కన తొట్టి కట్టాలా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. తొట్టి అయితే కరెంటు లేని రోజున కూడా నీళ్ళుంటాయి కాబట్టి నేను తొట్టే కట్టమంటున్నాను.